ఉడకని దాణా

ఆ పొద్దున దొరసాని లేవలేదు.

ఈ ఇంట్లో పందులకు పేర్లు పెట్టకూడదు. మామగారి ఆజ్ఞ. పేరు పెడితే బండెక్కించే రోజున ఏడుపొస్తుందని ఆయన వాదన. ఏడ్చేది ఎటూ కోడలే గనక ఆజ్ఞ కూడా కోడలి కోసమే పుట్టింది. కానీ తొట్టిలో కాళ్ళు పెట్టకుండా, పక్కవాటిని మూతితో కుమ్మకుండా, గోల కాస్త సద్దుమణిగాక వచ్చి ఓ చివర నిలబడి నింపాదిగా తినే ఆ ఆడపందిని దొరసాని అనక ఇంకేమనాలి? కోడలు ముందు మనసులో అనుకుంది, తర్వాత దాని చెవిలో అంది, ఆ తర్వాత షెడ్డంతా వినిపించేట్టు పిలవడం మొదలుపెట్టింది. మామగారు విని కూడా విననట్టు ఊరుకున్నారు.

ఆ దొరసాని ఇప్పుడు సిమెంటు నేల మీద పక్కకు ఒరిగి పడుంది. దాణా గంగాళం మూత తీసిన చప్పుడుకి చెవులు నిక్కబొడుచుకుంది. ముందుకాళ్ళు చాపి లేవబోయింది. నడుము కింద నుంచి వెనకభాగం కదల్లేదు. ఇంకోసారి ప్రయత్నించింది. అప్పుడొచ్చింది ఆ అరుపు. పందుల అరుపులు కోడలికి కొత్త కాదు. ఆకలికి అరుస్తాయి, కోపానికి అరుస్తాయి, తోక మీద కాలు పడితే ఊరు లేచిపోయేట్టు అరుస్తాయి. ఇది వాటిలో ఏదీ కాదు. ఆమె చేతిలోని తెడ్డు పక్కన పడేసింది.

"లేమ్మా, లే నా తల్లీ," అంటూ కటకటాల లోపలికి దూరి, దాని పొట్ట కింద చేతులు పెట్టి ఎత్తబోయింది. మనిషి బరువు ఎప్పుడో దాటేసిన జంతువు, ఎత్తితే లేస్తుందా! చేతికి తగిలిన వెనక తొడ మాత్రం వాచి ఉంది. కాలు ఉండాల్సిన తీరులో లేదు. కింద పడలేదు, దేనికీ కొట్టుకోలేదు. నిన్న సాయంత్రం కుంటుకుంటూనే అయినా తొట్టిదాకా వచ్చింది. లేవబోతే విరిగిపోయేంత పెళుసుగా ఎప్పుడయ్యాయి దీని ఎముకలు?

దొరసాని ఒక్కతే అయితే ఏదో ఒకటి సరిపెట్టుకోవచ్చు. షెడ్డులో ఎటు చూసినా అదే. సగానికి పైగా పందులు మోకాళ్ళ మీద వంగి తింటున్నాయి. కొన్ని కుక్కల్లా వెనక్కి కూర్చుని, ముందుకాళ్ళతో ఒళ్ళు ఈడ్చుకుంటున్నాయి. నడవగలిగినవి కూడా నిప్పుల మీద నడిచినట్టు గిట్టల చివరలు ఆనించి నడుస్తున్నాయి. పడుకున్న చోటి నుంచే గోడలు నాకుతున్నాయి. మూతి అందినంత ఎత్తు వరకు గోడకి సున్నం లేదు, దాని కింద గచ్చు కూడా లేదు, ఇటుక బయటపడింది. ఇనుప చువ్వల్ని రోజంతా కొరుకుతూనే ఉన్నాయి. ఆ కరకర కోడలికి ఇంట్లో అన్నం తింటున్నా, పడుకున్నా చెవుల్లోంచి పోవడం లేదు.

కడుపు నిండా తింటున్నాయి. మరి ఏం తక్కువైంది? ఈ ప్రశ్న ఆమెను పురుగులా తొలిచేస్తోంది. ఎందుకంటే ఈ ఇంట్లో దాణా కలిపేది ఆమె. మామగారు పొయ్యి చూసుకుంటారు, మొగుడు బండి నడుపుతాడు, పందులు పెరుగుతాయి. వాటి నోట్లోకి పోయే ప్రతి ముద్దా కోడలి చేతి మీదుగానే పోతుంది. తక్కువైంది ఏదైనా ఉంటే అది ఆ చేతిలోనే తక్కువై ఉండాలి కదా.

మామగారు అలా అనుకోలేదు. ఆయన అనుకున్నది ఇంకా ఘోరం.

ఆయన కుర్రతనంలో ఈ షెడ్డు స్థానంలో రేకుల కొట్టం ఉండేది. ఊళ్ళో హోటళ్ళలో మిగిలింది బకెట్లకెత్తి తెచ్చి, తెచ్చింది తెచ్చినట్టు పందులకు పోసేవారట. ఓ రోజు ఒకటి కుంటింది. తర్వాత నాలుగు కుంటాయి. తర్వాత నోళ్ళలో పొక్కులు, జ్వరం. పశువుల ఆసుపత్రి నుంచి తెల్ల దుస్తులు వేసుకున్నవాళ్ళు వచ్చారు. రోగం ఎంగిలి కూటితో వచ్చిందన్నారు, ఉడకబెట్టి ఉంటే రాకపోయేదన్నారు. ఈయన కొట్టంతో పాటు చుట్టుపక్కల ఎవరెవరి కొట్టాల్లో పందులున్నాయో అన్నీ ఒక్క పగట్లో గోతిలోకి పోయాయి. పక్కింటాయన ఆ తర్వాత ఈయన మొహం చూడలేదు. చచ్చేదాకా చూడలేదు. అప్పటి నుంచీ మామగారిది ఒకటే మాట, ఉడకనిది ఏదీ తొట్టిలో పడకూడదు. మొక్కజొన్న రవ్వ, సోయా చెక్క, గోధుమ పొట్టు, ఉప్పు, సున్నపురాయి పొడి, ఏదైనా సరే గంగాళంలో పడి కుతకుత ఉడకాల్సిందే. హోటళ్ళ కూడు మానేసి ఎన్నో ఏళ్ళయినా, బస్తాల్లో శుభ్రమైన సరుకు వస్తున్నా, పొయ్యి మాత్రం ఆరలేదు. ఆ పొయ్యి దగ్గర కూర్చున్న ఆయన మొహం చూస్తే, ఇంత చాదస్తమేంటి మావయ్యా అని అడగబుద్ధి కాదు ఎవరికీ.

ఇప్పుడు ఒకటి కుంటింది. తర్వాత నాలుగు కుంటాయి. ఆయన తిండి మానేశారు.

"ఆ దొంగముండదే ఇదంతా," అన్నారు పొయ్యి ముందు కూర్చుని. "పచ్చి పొట్టు తిని రోగం తెచ్చింది."

దొంగముండ అంటే గజదొంగ, కోడలు పేరు పెట్టిన ఇంకో పంది. దొరసాని ఉండే గదిలోనే ఉంటుంది, కానీ ఉండదు. సామాన్ల గదికి, పందుల గదికి మధ్య ఉన్న చెక్కల గోడలో అడుగు పలక ఎలాగో ఊడదీసింది. మేకు కొడితే మేకు పీకింది. రాయి అడ్డం పెడితే రాయిని తోసింది. అవకాశం చిక్కితే చాలు అవతలికి దూరి, గోధుమ పొట్టు బస్తా చింపి, మూతి నిండా పిండి పూసుకుని, ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చేది. దానికి చీపురుదెబ్బలు తిండిలో ఉప్పులాంటివి, రోజూ ఉండాల్సిందే. కోడలికి అదంటే ఒళ్ళుమంట. దొరసాని వాటా కూడా అదే లాక్కుంటుందని.

"మావయ్యా, ఓసారి డాక్టర్ని పిలుద్దామండీ," అంది కోడలు. ఈ మాట అనడం ఇది మొదటిసారి కాదు.

"పిలిస్తే?"

"చూస్తారు కదా."

"చూస్తారు. చూసి రాసుకుంటారు. రాసుకుని మన షెడ్డుతో పాటు చుట్టుపక్కల షెడ్లన్నీ ఖాళీ చేయిస్తారు. మళ్ళీ ఇంకోళ్ళ ఉసురు నేను పోసుకోలేనమ్మా. మనవి మనమే పూడ్చేసుకుందాం. బయటికి పొక్కకముందే."

"అన్నిట్నీనా?"

షెడ్డు వెనక నుంచి తవ్వే బండి చప్పుడు వస్తూనే ఉంది. ఆమె మొగుడు నడుపుతున్నాడు. కోడలు వెళ్ళి చూసింది. గొయ్యి లోతు అప్పుడే నిలువెత్తు దాటింది. తీసిన మట్టి పక్కన గుట్టగా పోసి ఉంది.

"మీరైనా చెప్పండి ఆయనకి," అంది బండి చప్పుడు మీద అరుస్తూ.

మొగుడు ఇంజను ఆపాడు. నాన్న మాటకి ఎదురు చెప్పడం అతని జాతకంలో రాసిలేదు. "ఏం చెప్పమంటావ్? రాత్రంతా ఒకటే కలవరింత. పక్కింటాయన పేరు పెట్టి పిలుస్తున్నాడు. సాయంత్రంలోగా తవ్వకపోతే పార తీసుకుని తనే దిగుతానంటున్నాడు."

"మన దొరసానికి జ్వరం లేదు. నోట్లో పొక్కుల్లేవు. నేను చూశాను."

"నువ్వు చూస్తే సరిపోతుందా?" అన్నాడు. కసురుకోలేదు, నిజంగానే అడిగాడు. సరిపోతుందంటే నమ్మడానికి సిద్ధంగా ఉన్నట్టే అడిగాడు.

ఆమె చేయగలిగింది ఆమె చేస్తూనే ఉంది మరి. కాళ్ళు వంగుతున్నాయంటే ఎముకలు మెత్తబడ్డాయని, ఎముకలకు సున్నం కావాలని చిన్నపిల్లలకు కూడా తెలుసు. అందుకే గంగాళంలో సున్నపురాయి పొడి దోసెడు పెంచింది. గుణం కనబడలేదు. ఇంకో దోసెడు పెంచింది. ఆ తర్వాత చేటతోనే పోసింది. ఇక దొరసానికైతే ప్రత్యేక మర్యాద. పొడిని నీళ్ళతో తడిపి, అరచేతిలో ముద్దలా పెట్టుకుని, పూటపూటా స్వయంగా నాకించేది. దొరసాని ఆబగా నాకేది. వేళ్ళ సందులు కూడా వదిలేది కాదు. కావాల్సింది ఒళ్ళే అడిగి తీసుకుంటోందని కోడలు ఎంత సంబరపడిందో. ఇంకా పెట్టింది. దొరసాని ఇంకా కుంటింది.

గోతిలోంచి బండి మళ్ళీ గుర్రుమంది. కోడలు సామాన్ల గదిలోకి వెళ్ళి, తలుపు చేరేసి, ఫోను చేసింది. తను చేస్తున్నది ఈ ఇంటిని నిలబెట్టే పనో, కూల్చే పనో ఆమెకే తెలియదు. మామగారు చెప్పినట్టు ఇది పాత రోగమే అయితే ఈ ఒక్క ఫోనుతో చుట్టుపక్కల ఇళ్ళన్నీ ఏడుస్తాయి, వాళ్ళంతా ఆమెను తిడతారు, ఆమె ఇక మామగారి మొహం చూడలేకపోతుంది. అవతల ఎత్తగానే, "మా పందులు లేవట్లేదండీ, సాయంత్రానికి పూడ్చేస్తున్నారండీ, ఒక్కసారి రండి," అని ఒక్క గుక్కలో చెప్పి గోడకానుకుని కూర్చుండిపోయింది. కాళ్ళ దగ్గర చెక్క పలక కదిలింది. గజదొంగ మూతి బయటపెట్టి, ఆమెను చూసి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"నీకేం, నువ్వు బాగానే ఉంటావ్," అంది కోడలు ఏడుస్తూనే. "పోతే దొరసానే పోవాలి."

డాక్టరమ్మ మధ్యాహ్నానికి వచ్చింది. పొట్టిగా, చిరాకు మొహంతో, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లతో ఉంది. గేటు దగ్గరే బూట్లు మందునీళ్ళలో ముంచింది. ఆమె వెనక తెల్ల దుస్తులవాళ్ళు ఎవరూ లేరు. అయినా మామగారు ఆమెను చూడగానే అరుగు మీదనుంచి లేచి నిలబడ్డారు.

"ఎవరు పిలిచారు?"

"నేనే మావయ్యా," అంది కోడలు.

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కోడలి వైపు ఒక్కసారి చూసి, "ఎంత పని చేశావమ్మా," అని మాత్రం అన్నారు.

డాక్టరమ్మకు ఇవేవీ పట్టలేదు. తిన్నగా షెడ్డులోకి పోయి, కనబడ్డ పందినల్లా పట్టుకుని చూసింది. నోళ్ళు తెరిచి చూసింది, గిట్టల సందులు చూసింది, జ్వరం చూసింది. గోడల దగ్గర ఆగి, బయటపడ్డ ఇటుకల మీద చేత్తో రాసింది. ఒక పంది పక్కటెముకల మీద బొటనవేలు పెట్టి గట్టిగా అదిమింది. ఎముక లోపలికి వంగి మళ్ళీ పైకొచ్చింది. దొరసాని దగ్గర చాలాసేపు కూర్చుంది. తొడ తడిమింది. దొరసాని మళ్ళీ ఆ అరుపు అరిచింది, కోడలు మొహం తిప్పుకుంది.

"ఇది అంటురోగం కాదు," అంది డాక్టరమ్మ లేస్తూ. "అసలు రోగమే కాదు. ఎముకల్లో సరుకు లేదు. ఏం పెడుతున్నారు వీటికి?"

కోడలు చెప్పింది. మొక్కజొన్న, సోయా, గోధుమ పొట్టు, ఉప్పు, సున్నపురాయి.

"భాస్వరం? ఫాస్ఫేట్ పొడి వేయరా?"

"ఇదివరకు వేసేవాళ్ళమండీ. దాణా షాపాయన ఇక అక్కర్లేదన్నాడు. సగం పెంటలోనే పోయి వాగు నీళ్ళు పాడవుతున్నాయంట. దాని బదులు వేరే పొడి ఇచ్చాడు. దాణాలో కలిపితే చాలన్నాడు." ఆమె పరుగున వెళ్ళి డబ్బా తెచ్చింది.

డాక్టరమ్మ డబ్బా మూత తీసి వాసన చూసింది. "మంచిదే. సరైన పనే చెప్పాడు. మరి ఇది వేస్తూ కూడా ఇలా ఎందుకయ్యాయి?" తనలో తనే అనుకుంటున్నట్టు అంది. తర్వాత అడిగింది, "అన్నీ ఇలాగే ఉన్నాయా? నిక్షేపంలా ఉన్నది ఒక్కటీ లేదా?"

"ఒకటుందండీ." కోడలి గొంతులో కోపం దాచినా దాగలేదు. "దొంగది. అందరివాటా తినేస్తుంది కదా, దానికేం."

గజదొంగ అప్పుడే చెక్క పలక సందులోంచి దూరి వచ్చింది, మూతి నిండా పొట్టుతో. జనాన్ని చూసి, దెబ్బలు తప్పవని అర్థమై, నాలుగు కాళ్ళ మీద దుముకుతూ గది అటు చివరికి పరిగెత్తింది. ఆ గదిలో పరిగెత్తడం చూసి ఎన్నాళ్ళయిందో! డాక్టరమ్మ అలాగే చూస్తూ నిలబడింది.

"అదేం తింటుంది?"

"మనం పెట్టేదే. దానికి తోడు ఉడకని పొట్టు దొంగతనంగా..."

"ఉడకని పొట్టు అంటున్నావేంటి? మిగతావాటికి ఉడకబెడతారా?"

కోడలు పొయ్యి వైపు చూపించింది. గంగాళం ఇంకా పొగలు కక్కుతోంది.

డాక్టరమ్మ పొయ్యి దగ్గరకు నడిచింది. గంగాళంలోకి తొంగిచూసింది. చేతిలోని డబ్బా చూపిస్తూ, "దీన్ని కూడా ఇందులోనేనా?" అంది. గొంతులో చిరాకు పోయింది, అదే కోడలిని ఎక్కువ భయపెట్టింది.

"అన్నీ అందులోనే వేస్తామండీ. ఉడకనిది ఏదీ పెట్టం."

డాక్టరమ్మ అరుగు మీద కూర్చుంది. మామగారిని కూడా కూర్చోమంది. ఆయన కూర్చోలేదు.

"చూడండి పెద్దాయనా. గింజల్లో, పొట్టులో భాస్వరం బోలెడు ఉంటుంది. కానీ మూటకట్టి ఉంటుంది. ఆ మూట ముడి విప్పడం పంది కడుపుకి చేతకాదు. ఎంత తిన్నా మూట మూటలాగే పెంటలో పోతుంది. ఈ డబ్బాలో పొడి ఆ ముడి విప్పుతుంది. కానీ వేడి తగిలితే చచ్చిపోతుంది. ఉడికినాక ఇది ఉత్త పిండి. షాపతనికి తప్పు పట్టలేం, దాణా ఉడకబెట్టేవాళ్ళు ఈ కాలంలో ఉంటారని అతనికి తట్టి ఉండదు. పచ్చి గోధుమ పొట్టులో ఆ గుణం కొంత పుట్టుకతోనే ఉంటుంది. ఆ దొంగది పచ్చిది తిని, దాంతో కాస్తో కూస్తో ముడి విప్పుకుంది. మిగతావి కడుపునిండా తిని పస్తులున్నాయి."

షెడ్డు వెనక బండి ఆగింది. మొగుడు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు, మట్టిచేతులతో.

"మరి సున్నం?" అంది కోడలు. ఆ మాట నోట్లోంచి రావడానికి చాలా కష్టపడింది. "ఎముకలకి మంచిదని సున్నం పెంచానండీ. బాగా పెంచాను."

డాక్టరమ్మ డబ్బా మూత మెల్లగా బిగించింది. చెప్పకుండా ఉండే వీలుందా అని చూసినట్టుంది. "సున్నం, భాస్వరం జంటగా వెళ్తేనే ఎముకలోకి ఎక్కుతాయి. ఒకటి లేనప్పుడు రెండోది పోసేకొద్దీ ఆ మూటకి ఇంకా ముళ్ళు పడతాయి. వచ్చే కాస్త భాస్వరం కూడా రాదు."

"అంటే ఎక్కువ పెట్టినదానికి..."

"ఎక్కువ చెడు జరుగుతుంది," అంది డాక్టరమ్మ.

కోడలు తన అరచేయి చూసుకుంది. గీతల్లో తెల్లటి పొడి ఇంకా ఉంది. పొద్దున కూడా పెట్టింది, లేవలేని దాని మూతి దగ్గర చేయి పెట్టి, తిను తల్లీ, బలమొస్తుంది అని. ఈ షెడ్డులో ఎవరికీ పెట్టనంత ప్రేమగా పెట్టింది. ఒళ్ళుమండి చీపురు తిరగేసి కొట్టినది చెంగుచెంగున పరిగెడుతోంది.

మామగారు అప్పుడు కూర్చున్నారు. పొయ్యి పక్కన, ఎప్పుడూ కూర్చునే చోటే. "ఉడకబెడితే బతుకుతాయనుకున్నా," అన్నారు, ఎవరితోనూ కాదు. కాసేపటికి మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నారు. కోడలికి ఆ ఇంటికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆయన భుజాలు అలా కదలడం చూడటం మొదటిసారి. దగ్గరికి వెళ్ళాలనిపించింది, కాని ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియలేదు.

"ఎన్ని బతుకుతాయండీ?" అన్నాడు మొగుడు తలుపు దగ్గరనుంచే.

"ఎముక విరగనివి లేస్తాయి. ఈ పూట నుంచే సరిగ్గా పెడితే మెల్లగా లేస్తాయి, కొన్నిటి కాళ్ళు వంకరగానే ఉంటాయి. విరిగినవాటిని..." డాక్టరమ్మ చేతిసంచి దగ్గరకు తీసుకుంది. "వాటిని బాధపెట్టడం న్యాయం కాదు. తొడ ఎముక విరిగిన ఆడపంది ఉంది కదా, దాన్ని అసలు ఉంచకూడదు."

"దానికి సేవ నేను చేస్తానండీ," అంది కోడలు. "రోజంతా పక్కనే కూర్చుంటాను. ఎత్తి తిప్పుతాను. నోట్లో పెడతాను."

"తెలుసమ్మా. ఎంత చేసినా ఆ ఎముక అతకదు. అతికే సరుకే లేదు దాంట్లో."

కోడలు మొగుడి వైపు చూసింది, మామగారి వైపు చూసింది. ఎవరైనా ఒక్కరు కాదంటారేమోనని.

మూల పడేసిన పాత ఫాస్ఫేట్ బస్తా మొగుడు భుజాన వేసుకుని తెచ్చాడు. డాక్టరమ్మ పాళ్ళు చెప్తుంటే కోడలు పెద్ద తొట్టెలో కలిపింది, మొక్కజొన్న, సోయా, పొట్టు, ఫాస్ఫేట్. సున్నపురాయి చిటికెడు వేసి ఆపేయమంది. చివర్లో డబ్బాలో పొడి. ఆపైన చన్నీళ్ళు, కుళాయి నీళ్ళు. తడి ముద్ద చేతికి చల్లగా తగులుతుంటే ఆమెకు అదేదో చెయ్యకూడని పని చేస్తున్నట్టే ఉంది. ఈ ఇంట్లో దాణా ఎప్పుడూ వేళ్ళు కాల్చేది.

బకెట్లు నిండాయి. ఎత్తబోతుంటే మామగారు లేచి వచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మొదటి బకెట్ ఆయనే అందుకున్నారు. గది ముందు నిలబడి, ఉడకని దాణా ఉన్న ఆ బకెట్‌ని రెండు చేతులా పట్టుకుని, పోయకుండా ఆగిపోయారు. దాణా అంచుల మీంచి కాస్త చిందింది. లోపల పందులు మోకాళ్ళ మీద ఈడ్చుకుంటూ తొట్టి వైపు వస్తున్నాయి.

"నాన్నా, నేను పోస్తా ఇలా ఇవ్వు," అన్నాడు కొడుకు.

"వద్దు," అన్నారాయన. కళ్ళు గట్టిగా మూసుకుని బకెట్ వంచారు. గజదొంగ అందరికంటే ముందు దూకి తొట్టిలో నాలుగు కాళ్ళూ పెట్టింది. దాన్ని ఎవరూ కొట్టలేదు.

ఇంజెక్షన్లు అవతలి గది నుంచి మొదలయ్యాయి. ఎముక విరిగినవాటి మీద డాక్టరమ్మ సుద్దముక్కతో గీత పెట్టింది. ఒక్కోదాని దగ్గర మొగుడు మోకాలు వేసి కూర్చుంటున్నాడు, లేస్తున్నాడు, చేతులు ప్యాంటుకి తుడుచుకుంటున్నాడు. వెనక గొయ్యి ఎలాగూ తయారుగానే ఉంది. దొరసానిని ఆఖరున ఉంచమని కోడలు అడిగింది, డాక్టరమ్మ ఒప్పుకుంది. ఆఖరు కూడా వచ్చేసింది.

"ఒక్క నిమిషమండీ," అంది కోడలు. "పొద్దున్నుంచీ ఏం తినలేదు. ఒక్క ముద్ద తిననివ్వండి. ఇది మంచిది కదండీ? ఇప్పుడు కలిపింది మంచిదే కదా?"

"మంచిదే," అంది డాక్టరమ్మ. సూది వెనక్కి దాచుకుంది.

కోడలు బకెట్లోంచి ముద్ద తీసి, కుడి అరచేతిలో పెట్టుకుని, దొరసాని తల దగ్గర కూర్చుంది. మళ్ళీ మళ్ళీ పిలిచింది. దొరసాని కళ్ళు తెరిచింది. ఆమె వాసన పట్టి, చెవి కదిపి, మెడ చాపి మూతి అరచేతికి ఆనించింది. కోడలి ప్రాణం లేచొచ్చింది. తింటోంది అనుకుంది.

దొరసాని తినలేదు. మూతితో ముద్దను పక్కకు తోసేసింది. దాణా నేల మీద పడింది. దాని కింద, అరచేతి గీతల్లో గడ్డకట్టి ఇంకా మిగిలిన తెల్లపొడి కోసం నాలుక చాపింది. రోజూ నాకినట్టే, మర్యాదగా, నింపాదిగా, వేళ్ళ సందులు కూడా వదలకుండా నాకసాగింది.

"అది కాదమ్మా," అంది కోడలు. కింద పడింది ఎడమచేత్తో తీసి మళ్ళీ పెట్టింది. "అది వద్దు. ఇది తిను. ఇది తిను నా తల్లీ."

దొరసాని మళ్ళీ పక్కకు తోసింది. కోడలు మళ్ళీ పెట్టింది. కోడలు అడిగిన నిమిషం దాటిపోయినా డాక్టరమ్మ సూది వెనకే పట్టుకుని నిలబడింది. దొరసాని ఆ చేతినే నాకుతూ ఉంది.